డబ్బా మీద 6.5 హెచ్‌పీ, గోడలో 15 ఆంపియర్లు: ఈ క్లాస్ యాక్షన్ సెటిల్‌మెంట్ల వల్ల మనకేం ఒరిగింది?

ప్లేనో_ప్రసాద్
గ్యారేజీ కోసం వెట్-డ్రై వాక్యూమ్ కొన్నాను. డబ్బా మీద ఎర్ర అక్షరాలతో 6.5 పీక్ హెచ్‌పీ అని ఉంది. ఇంటికి తెచ్చి తిరగేసి చూస్తే, మోటారు కింద వెండి రంగు స్టిక్కరు మీద చిన్న అక్షరాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 12 ఆంపియర్లు. అక్కడ హెచ్‌పీ ఊసే లేదు.

మా నాన్నగారి చేలో మోటారు 5 హెచ్‌పీ. దానికి త్రీ ఫేజ్ లైను, స్టార్టరు, ఫ్యూజు క్యారియర్లు, అన్నీ కావాలి. అంతకంటే ఎక్కువ హెచ్‌పీ ఉన్న మోటారు మామూలు ప్లగ్గు మీద ఎలా తిరుగుతుంది? నాకు కరెంటు లెక్కలు పెద్దగా రావు కానీ ఇది మాత్రం మింగుడు పడటం లేదు.

ఇలాంటి వాటి మీద అమెరికాలో క్లాస్ యాక్షన్ కేసులు (ఒకే రకం నష్టం జరిగిన చాలామంది తరఫున కలిపి వేసే కేసులు) పడి సెటిల్ అయ్యాయని ఆఫీసులో ఒకాయన అన్నాడు. నిజమేనా? ఎవరికైనా డబ్బులొచ్చాయా? ఇప్పుడు కొన్నవాళ్లు ఏమైనా చేయొచ్చా?

గ్యారేజీ_గోపాలం
మింగుడు పడకపోవడమే సబబు. లెక్క చూడండి.

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. ఇక్కడ ఇళ్లలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, బ్రేకరు 15 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 1,800 వాట్లు, అంటే 2.4 హెచ్‌పీ. బ్రేకరు ట్రిప్పయ్యే అంచు దాకా లాగినా ఆ ప్లగ్గు నుంచి వచ్చేది అంతే. మీ స్టిక్కరు ప్రకారం 12 ఆంపియర్లయితే 1,440 వాట్లు, 1.9 హెచ్‌పీ. అది కూడా మోటారు లోపలికి వెళ్లే కరెంటు. వేడి కింద, రాపిడి కింద పోయేది తీసేస్తే షాఫ్టు దగ్గర ఇంకా తక్కువే.

మరి 6.5 ఎక్కడిది? ల్యాబులో మోటారును ఫుల్ స్పీడులో తిప్పి ఒక్కసారిగా లోడు వేస్తారు. అప్పటికే గిర్రున తిరుగుతున్న ఆర్మేచర్‌లో, అంటే మోటారు లోపల తిరిగే భాగంలో, ఉన్న ఊపు ఆ క్షణంలో బయటికొస్తుంది. కరెంటు నుంచి వచ్చేది, ఆ ఊపు నుంచి వచ్చేది కలిపి ఆ ఒక్క క్షణానికి తేలిన అంకెను డబ్బా మీద వేస్తారు. మీరు కారు సీటు కింద ఊడ్చేటప్పుడు ఆ పరిస్థితి ఒక్కసారి కూడా రాదు.

ఒంగోలు_గిత్త
మా పిల్లల కారు సీట్ల కింద ఉన్న చిప్స్‌కి నిజంగా 6.5 హెచ్‌పీ ఉన్నా చాలదు.

బెజవాడ_బాబ్జీ
ఇది చదవగానే పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) గుర్తొచ్చింది. 1990ల్లో చేత్తో పట్టుకెళ్లే టూ-ఇన్-వన్ మీద కూడా 1,000 వాట్లు పీఎంపీఓ అని వేసేవాళ్లు. లోపల ఉండేది అయిదారు వాట్ల స్పీకరు. పెళ్లి పందిట్లో పెడితే రెండో వరసకి వినపడేది కాదు.

గ్యారేజీ_గోపాలం
బాబ్జీ గారూ, అచ్చంగా అదే విద్య. ఆడియో విషయంలో మాత్రం అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఆంప్లిఫయర్ రూలు తెచ్చింది. వాట్లు చెప్పాలంటే నిలకడగా ఇచ్చే పవరే చెప్పాలి, ఏ పరిస్థితుల్లో కొలిచారో చెప్పాలి. 2024లో ఆ రూలును ఇంకా బిగించారు కూడా. వాక్యూములకీ కంప్రెసర్లకీ అలాంటి రూలు లేదు. అందుకే అక్కడ పని కోర్టుల మీద పడింది.

లా_లలిత
ప్రసాద్ గారు అడిగినదానికి సూటిగా చెబుతాను. వెట్-డ్రై వాక్యూముల కేసు నిజమే. షాప్-వ్యాక్ కంపెనీ మీద 2012లో వేర్వేరు చోట్ల పడిన కేసుల్ని కలిపి పెన్సిల్వేనియా మిడిల్ డిస్ట్రిక్ట్ ఫెడరల్ కోర్టుకి పంపారు. ఆరోపణలు రెండు. ఒకటి, పీక్ హెచ్‌పీ అంకె వాడకంలో ఎప్పుడూ రాదు. రెండు, ట్యాంకు ఇన్ని గ్యాలన్లు అని రాసినంత నీళ్లు అది పట్టదు.

2016 డిసెంబరులో సెటిల్‌మెంటుకి కోర్టు ఒప్పుకుంది. కొన్నవాళ్లకి చేతికి నగదు ఏమీ రాలేదు. మోటారు వారంటీని 24 నెలలు పొడిగించారు. డబ్బా మీదా ప్రకటనల్లోనూ పీక్ హెచ్‌పీ అంటే ఏమిటో వివరణ రాయాలని ఒప్పుకున్నారు. ఆ కేసు ముగిసిపోయింది కాబట్టి ఇప్పుడు కొన్నవాళ్లు దాని కింద క్లెయిమ్ చేయడానికి ఏమీ లేదు.

మీ డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో ఏమైనా రాసుందా చూడండి.

ప్లేనో_ప్రసాద్
ఉంది మేడం! ఫోను లైటు వేసి చూస్తే కనబడింది. కింది వైపు, బార్‌కోడ్ పక్కన. పీక్ హెచ్‌పీ అనేది పోల్చి చూసుకోవడానికి వాడే అంకె అనీ, మోటారు జడత్వం వల్ల వచ్చేది కూడా కలిపి ల్యాబులో కొలిచిందనీ, మామూలు వాడకంలో మోటారు అంత పవరుతో నడవదనీ రాశారు. పైన అంకె నా అరచెయ్యంత, ఈ మాటలు చీమ తలకాయంత.

ఆస్టిన్_ఆవకాయ
లలిత గారు ఒక అంకె వదిలేశారు, నేను చెబుతా. ఆ కేసులో లాయర్ల ఫీజు 42.5 లక్షల డాలర్లు. కొన్నవాడికి వారంటీ, లాయరుకి మిలియన్లు. ఇదంతా కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. నేనైతే ఈ క్లాస్ యాక్షన్ ఈమెయిళ్లు తెరవకుండానే డిలీట్ చేస్తా.

లా_లలిత
ఫీజు అంకె కరెక్టే. కానీ ఆవకాయ గారూ, ఆలోచించండి. ఒక్కో మనిషికి జరిగిన నష్టం ఇరవై, ముప్ఫై డాలర్లు. దానికోసం ఎవరూ ఒంటరిగా కోర్టుకి వెళ్లరు. ఆ సంగతి కంపెనీకీ తెలుసు. లక్షల మందిని ఒకే కేసులో కలిపితే తప్ప అడిగే దిక్కుండదు. నాలుగేళ్లు సొంత ఖర్చుతో కేసు నడిపి, ఓడిపోతే ఒక్క డాలరు కూడా రాదని తెలిసి పని చేసే లాయరుకి ఫీజు లేకపోతే ఎవరు ముందుకొస్తారు?

ఫీజుల మీద అదుపు లేదనడం కూడా సరికాదు. 2005లో వచ్చిన క్లాస్ యాక్షన్ ఫెయిర్‌నెస్ చట్టం ప్రకారం కూపన్లు పంచే సెటిల్‌మెంట్లలో, జనం నిజంగా వాడుకున్న కూపన్ల విలువను బట్టే ఆ మేరకు ఫీజు లెక్క కట్టాలి. అంతకుముందు కోట్ల డాలర్ల కూపన్లు పంచామని కాగితం మీద చూపించి ఫీజు నగదుగా తీసుకునేవాళ్లు.

ఆస్టిన్_ఆవకాయ
అన్నీ ఒప్పుకుంటా. కానీ ఆ పొడిగించిన వారంటీ సంగతి? ఆ కంపెనీ 2020లో మూతపడి, ఆ ఏడాది చివరికి చైనాకి చెందిన గ్రేట్‌స్టార్ చేతికి పోయింది. వారంటీ కాగితం పట్టుకుని మధ్యలో ఎవరిని అడగాలి?

లా_లలిత
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నగదు ఇప్పించి ఉంటే ఈ బాధ ఉండేది కాదు, ఆ సెటిల్‌మెంటులో నాకు నచ్చనిది కూడా అదే.

ఎడిసన్_రాజుగారు
నగదు వచ్చిన కేసు ఒకటుంది. గడ్డి కోసే లాన్ మోవర్ల కేసు. నేను అందులో క్లెయిమ్ చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

2004లో ఇల్లినాయ్‌లో మొదలైంది. తర్వాత దేశం నలుమూలలా పడిన కేసులన్నీ కలిపి మిల్వాకీలోని ఫెడరల్ కోర్టులో జడ్జి లిన్ అడెల్మన్ ముందుకు వచ్చాయి. అవతలి వైపు చిన్నాచితకా వాళ్లు కాదు. సియర్స్, డీర్, టోరో, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, కోహ్లర్, కవాసాకి, హోండా, హస్క్‌వార్నా, ఎంటీడీ, టెకమ్సె. దాదాపు ఆ పరిశ్రమ మొత్తం.

ఆరోపణ ఏమిటంటే, ఇంజన్ హార్స్‌పవరును ఉన్నదానికంటే ఎక్కువ చేసి లేబుళ్ల మీద వేశారు. ఒకే ఇంజన్‌ను ఒక మోవరు మీద తక్కువ హెచ్‌పీ అనీ, ఇంకో మోవరు మీద ఎక్కువ హెచ్‌పీ అనీ రాసి ఎక్కువ రేటుకి అమ్మారు. అదీ ఎవరికి వాళ్లు కాదు, కంపెనీలన్నీ కూడబలుక్కుని చేశాయన్నది కేసు. కంపెనీలు తప్పు ఒప్పుకోలేదు. 2010లో మొత్తం 6.5 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకున్నాయి.

1994 జనవరి 1 నుంచి 2010 ఏప్రిల్ 12 మధ్య 30 హెచ్‌పీ లోపు పెట్రోలు ఇంజన్ మోవరు కొన్నవాళ్లందరూ అర్హులు. తోసుకుంటూ నడిచే మోవరుకి 35 డాలర్ల వరకు, కూర్చుని నడిపేదానికి 75 డాలర్ల వరకు. ఇంజన్ వారంటీ ఒక ఏడాది పెంచారు. అప్పట్లో మా ఇంట్లో ఉన్నది తోసే మోవరు. చెక్కు వచ్చింది, బ్యాంకులో వేశాను, అయిపోయింది.

ఆస్టిన్_ఆవకాయ
35 డాలర్లు! మా వీధిలో గడ్డి కోసే కుర్రాడు ఒక్కసారికి తీసుకునేది అంతకంటే ఎక్కువ రాజుగారూ.

ఎడిసన్_రాజుగారు
నాయనా, నేను చెప్పబోయేది చెక్కు గురించి కాదు. ఆ కేసు తర్వాత షాపుకెళ్లి మోవర్ల వరస చూడు. హెచ్‌పీ అన్న మాట దాదాపు మాయమైంది. ఇంజన్ మూత మీద 163 సీసీ అనో, టార్క్ (తిప్పే బలం) ఇంత అనో ఉంటుంది. బ్రిగ్స్ ఇంజన్ మీద 675 అని ఉంటే అది 6.75 ఫుట్-పౌండ్ల గ్రాస్ టార్క్. 725 అంటే 7.25. కొలిచి సరిచూడగలిగిన అంకె అది.

ఇంకో మంచి ఉదాహరణ హోండా జీఎక్స్160. ప్రపంచమంతా వాడే ఇంజన్, మన దగ్గర కాంక్రీటు వైబ్రేటర్లకీ నీళ్ల పంపులకీ పవర్ వీడర్లకీ ఉంటుంది. పాత బ్రోచర్లలో దాన్ని 5.5 హెచ్‌పీ అనేవాళ్లు. ఇప్పుడు నెట్ 4.8 హెచ్‌పీ అంటున్నారు. ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు లాంటివి తీసేసి కొలిస్తే గ్రాస్. అమ్మే రూపంలో అన్నీ బిగించి కొలిస్తే నెట్. సైలెన్సరు ఊడదీసి ఎవరూ గడ్డి కోయరు కదా. కొనేవాడికి కావాల్సింది నెట్టే. ఆ అంకె ఇప్పుడు కళ్లెదురుగా ఉంది.

గ్యారేజీ_గోపాలం
రాజుగారి మాటకు నా ఓటు. ఎయిర్ కంప్రెసర్ల కథ కూడా అంతే. ఒకప్పుడు మామూలు ప్లగ్గు మీద నడిచే కంప్రెసర్ల మీద 5, 6 హెచ్‌పీ అని వేసేవాళ్లు. 2000ల మొదట్లో వాటి మీదా కేసులు పడ్డాయి. తర్వాత డబ్బాల మీద రన్నింగ్ హెచ్‌పీ, అంటే నడిచేటప్పుడు నిలకడగా ఇచ్చేది, అని రావడం మొదలైంది. ఇప్పుడు అదే సైజు కంప్రెసరు మీద 1.6, 1.8 లాంటి అంకెలు చూస్తారు. మోటారు మారలేదు, అంకె నేల మీదికి దిగింది.

కంప్రెసరు కొనేవాళ్లు అసలు హెచ్‌పీ చూడకండి. 90 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఎన్ని ఎస్‌సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగులు) గాలి ఇస్తుందో చూడండి. మీ నెయిల్ గన్నుకీ స్ప్రే గన్నుకీ ఎంత గాలి కావాలో వాటి మీద రాసుంటుంది. ఈ రెండూ సరిపోతే చాలు.

మిల్పిటాస్_మీనా
కార్డ్‌లెస్ డ్రిల్లుల సంగతేంటి మరి? మా ఆయన 20 వోల్టులది కొన్నాడు. మా అన్నయ్య లండన్ నుంచి వచ్చినప్పుడు చూసి, ఇదే మోడల్ మా దగ్గర 18 వోల్టులు అంటారు, మీకు ఎక్కువ పవరున్నది ఇచ్చారు అని కుళ్లుకున్నాడు.

గ్యారేజీ_గోపాలం
మీ అన్నయ్యగారిని కుళ్లుకోవద్దని చెప్పండమ్మా. రెండూ ఒకటే. డీవాల్ట్ అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ అంటుంది, యూరప్‌లో అదే వరసని 18 వోల్ట్ ఎక్స్ఆర్ అంటుంది. లోపల అయిదు లిథియం సెల్లులు. లోడు లేనప్పుడు, నిండుగా చార్జ్ అయి ఉన్నప్పుడు ఒక్కోటి దాదాపు 4 వోల్టులు, అయిదు కలిపితే సుమారు 20. పని చేసేటప్పుడు నికరంగా లెక్కేసేది 3.6, అయిదు కలిపితే 18. అమెరికా డబ్బా మీద కూడా చిన్న అక్షరాల్లో నామినల్ 18 అని రాసుంటుంది. మకీటా, మిల్వాకీ ఇక్కడ కూడా 18 అనే అమ్ముతాయి. పక్కపక్కన పెడితే తెలియనివాళ్లు 20 ఉన్నదే తీసుకుంటారు, అదే నాకు బాధ.

మిల్పిటాస్_మీనా
ఇప్పుడే మా అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పా. ఆయన ప్రాణం కుదుటపడింది.

హైటెక్‌సిటీ_హరి
పవర్ బ్యాంకులు కూడా ఈ కోవలోకే వస్తాయి. 10,000 ఎంఏహెచ్ అని పైన ఉంటుంది. అది లోపలి సెల్లు 3.7 వోల్టుల దగ్గర లెక్క, అంటే 37 వాట్-అవర్లు. ఫోనుకి వెళ్లేది 5 వోల్టులు. అక్కడికి మార్చేసరికి, మధ్యలో వేడి కింద పోయేది పోగా, 6,000 నుంచి 6,500 దాకా మిగులుతుంది. మన దేశంలో మంచి కంపెనీలవి తిప్పి చూస్తే రేటెడ్ కెపాసిటీ అని ఆ రెండో అంకె కూడా ఉంటుంది. అమెరికాలో దీని మీదా క్లాస్ యాక్షన్లు పడ్డాయి.

కరీంనగర్_వైండర్
ఇరవై ఏళ్లుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నా. మీరంతా ఉన్నదానికంటే ఎక్కువ రాసే కథలు చెప్తున్నరు. మా దగ్గర ఉన్నదానికంటే తక్కువ రాసే కథ ఉంది, అది కూడా వినండి.

రైతు షాపుకు 5 హెచ్‌పీ ప్లేటు ఉన్న మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒక్కటిగ ఉండేది) తెస్తడు, కాలిపోయిందని. మూత విప్పి స్టాంపింగు (లోపలి ఇనుప రేకుల కట్ట) పొడుగు చూసినా, కాయిల్ వైరు గేజి చూసినా తెలిసిపోతది, అది 5 కాదు, ఏడున్నర. వైండింగ్ చేసి 415 వోల్టుల మీద నడిపి టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే మీటరు) పెడితే 11 ఆంపియర్లు చూపిస్తది. అసలు 5 హెచ్‌పీ అయితే 7, 8 మధ్య చూపాలె. మరి ప్లేటు మీద 5 ఎందుకుంది? కరెంటాఫీసుల సర్వీసు ఛార్జీ, డెవలప్‌మెంట్ ఛార్జీ హెచ్‌పీ లెక్కన కడతరు కాబట్టి. ఎన్టీఆర్ హయాంలో ఏడాదికి హెచ్‌పీకి 50 రూపాయలు అన్నప్పటి నుంచి ఈ ప్లేటు కథ నడుస్తనే ఉంది. 2004లో ఉచిత కరెంటు వచ్చినా కనెక్షన్‌కు రాసే లోడు మాత్రం హెచ్‌పీలల్లనే ఉంది.

నష్టం ఎవరికి? ట్రాన్స్‌ఫార్మర్‌కు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అయిదు మోటార్లని కాగితం మీద లెక్క. అన్నీ ఏడున్నరలైతే అది ఆగదు. ఎండాకాలంల కాలిపోతది, పది రోజులు నీళ్లుండవు, నిజాయితీగా 5 పెట్టుకున్న రైతు పొలం కూడా ఎండుతది. అందుకే అంటున్న, ప్లేటు మీద అబద్ధం ఎటువైపు రాసినా ఎవడో ఒకడు మునుగుతడు.

తణుకు_తాతయ్య
వైండర్ బాబు చెప్పింది అక్షరాలా నిజం. మా కాలవ గట్టు మీద ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడల్లా రైతులే చందాలు వేసుకుని ట్రాక్టరు మీద ఎక్కించి బాగుచేయించుకొచ్చేవాళ్లు. ప్రసాదూ, మీ నాన్న మోటారుకి ఒకసారి టాంగ్ టెస్టర్ పెట్టించు.

ప్లేనో_ప్రసాద్
తప్పకుండా తాతయ్యా. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూపిస్తా. వైండర్ అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివా. ఇంతకీ అక్కడ ఇలాంటి వాటి మీద క్లాస్ యాక్షన్ వేయడానికి చట్టం ఉందా? మిక్సీలు, ఇన్వర్టర్లు, పంపులు, అన్నిటి మీదా పెద్ద పెద్ద అంకెలు వేసి అమ్ముతున్నారుగా.

హైటెక్‌సిటీ_హరి
మిక్సీ వాట్ల మీద ఒక మాట. 750 వాట్లు అని ఉంటే అది లోపలికి తీసుకునే కరెంటు, జార్ దగ్గర వచ్చే బలం కాదు. కాబట్టి 750 వాట్లున్నదే 500 వాట్లదానికంటే బాగా రుబ్బుతుందని గ్యారంటీ లేదు. కాయిల్ రాగిదా అల్యూమినియందా అనేది కూడా అడగాలి.

విశాఖ_వినియోగదారు
చట్టం ఉంది ప్రసాద్ గారూ. ఇక్కడ వాడేవాళ్లు తక్కువ. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 35(1)(సి). ఒకే రకం ప్రయోజనం ఉన్న చాలామంది వినియోగదారుల తరఫున ఒకరో ఇద్దరో వినియోగదారుల కమిషన్ అనుమతితో ఫిర్యాదు వేయొచ్చు. 1986 చట్టంలో కూడా 12(1)(సి) కింద ఇదే ఉండేది. ఇప్పటిదాకా దాన్ని ఎక్కువగా వాడుకున్నది ఫ్లాట్లు కొని మోసపోయినవాళ్లు. బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో 2021 డిసెంబరులో సుప్రీం కోర్టు ఈ సెక్షన్ గురించి స్పష్టంగా చెప్పింది. అందరి ప్రయోజనం ఒకటేనని ఫిర్యాదులోనే చూపించాలి, కొనుగోలుదారుల్లో కొంతమంది కలిసి వేసినంత మాత్రాన అది అందరి తరఫు ఫిర్యాదు అయిపోదు అని.

నా దృష్టిలో పంపుల మీద, మిక్సీల మీద తప్పుడు రేటింగులకి ఈ సెక్షన్ ఫ్లాట్ల కంటే బాగా అతుకుతుంది. ఫ్లాటు ఒక్కొక్కరిది ఒక్కో కథ. ఒకే మోడల్ మీద ఒకే అబద్ధపు ప్లేటుంటే అందరి ప్రయోజనం ఒకటే కదా.

ఇది కాక కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, సీసీపీఏ, 2020 నుంచి పని చేస్తోంది. తప్పుదారి పట్టించే ప్రకటనలకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. సరుకు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వమని ఆదేశించే అధికారం కూడా ఉంది.

ఆస్టిన్_ఆవకాయ
చట్టం ఉన్నా లాయరుకి గిట్టుబాటు కావాలిగా? ఇండియాలో గెలిస్తే వాటా తీసుకునే పద్ధతి లాయర్లకి నిషిద్ధం. మరి లక్షమంది తరఫున కేసు ఎవరు నడుపుతారు?

లా_లలిత
ఇప్పుడు ఆవకాయ గారే లాయర్ల ఫీజు తరఫున వాదిస్తున్నారు. చాలా సంతోషం.

ఆస్టిన్_ఆవకాయ
వాదించడం లేదండీ, ఉన్న మాట చెప్పా. కానీ ఒప్పుకుంటా, ఫీజు లేకపోతే కేసే ఉండదు. ఆ ఫీజు జనానికి చేరిన డబ్బును బట్టి ఉండాలన్నదే నా పట్టు.

విశాఖ_వినియోగదారు
ఆయన చెప్పిన అడ్డంకి నిజమైనదే. అందుకే ఇక్కడ వినియోగదారుల సంఘాలు పూనుకోవాలి. రిజిస్టరైన సంఘం నేరుగా ఫిర్యాదు వేయొచ్చు. అది కుదరకపోతే ఒంటరిగానైనా జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. మీరు ఉండే ఊళ్లోనే వేయొచ్చు, కొన్న వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ముందు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా కంపెనీలు ఆ దశలోనే దిగొస్తాయి.

కరీంనగర్_వైండర్
బిల్లు ఉండాలె కదా సార్. సగం మంది రైతులు తెల్ల కాగితం మీద కొంటరు.

విశాఖ_వినియోగదారు
అదే పెద్ద చిక్కు అన్నా. జీఎస్టీ బిల్లు, మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉన్న ప్లేటు ఫోటో. ఈ మూడూ లేకపోతే ఎంత మంచి కేసైనా నిలబడటం కష్టం. మీ షాపుకొచ్చే రైతులకి మీరు ఒక్క మాట చెప్పినా చాలామందికి మేలు.

కరీంనగర్_వైండర్
చెప్తా. రేపటి నుంచి విప్పే ముందు ప్లేటు ఫోటో, విప్పినాక ఆంపియర్ల ఫోటో తీసి వాళ్లకే వాట్సాప్ చేస్త.

హ్యూస్టన్_హేమ
లలిత గారూ, నాకు ఈ మధ్య సెటిల్‌మెంట్ అంటూ ఈమెయిళ్లు వస్తున్నాయి. బ్యాంకు వివరాలు అడుగుతున్నారు. టెన్షన్‌గా ఉంది. అసలైనదేదో ఎలా తెలుస్తుంది?

లా_లలిత
డబ్బు పంపడానికి ముందు "ప్రాసెసింగ్ ఫీజు" కట్టమంటే అది నూటికి నూరుపాళ్లు మోసం, అసలైన సెటిల్‌మెంటు ఎప్పుడూ మన దగ్గర డబ్బు అడగదు. నోటీసులో కోర్టు పేరు, కేసు నంబరు, చివరి తేదీ, కేసు నుంచి తప్పుకోవడం ఎలా, అభ్యంతరం చెప్పడం ఎలా అన్నవి ఉండాలి. మెయిల్‌లో లింకు నొక్కకుండా ఆ కేసు నంబరుతో కోర్టు రికార్డుల్లో వెతికి, అక్కడ చెప్పిన సైటుకే వెళ్లండి. ఇంకొకటి. క్లెయిమ్ ఫారంలో కింద సంతకం పెట్టేది ప్రమాణం చేసినట్టే. కొనని వస్తువు కొన్నామని రాయకూడదు. ఊళ్లో బంధువుల పేర్లన్నీ పెట్టి ఫారాలు నింపేవాళ్లని చూశాను, అది నేరం.

ఒంగోలు_గిత్త
ఆవకాయ అన్నా, డిలీట్ చేసేముందు ఒకసారి చదువు ఇకనుంచి.

ప్లేనో_ప్రసాద్
మరి నా వాక్యూమ్ సంగతి? పని బాగానే చేస్తోంది. కానీ అరచెయ్యంత అంకె చూసి పక్కనున్న 5 హెచ్‌పీ దానికంటే నలభై డాలర్లు ఎక్కువ పెట్టి కొన్నా. రెండిటి కింది స్టిక్కర్లూ షాపులో పక్కపక్కన పెట్టి చూసొచ్చా ఇవాళ. రెండూ 12 ఆంపియర్లే.

లా_లలిత
ఇదే అసలు పాయింటు. ఆ రెండు స్టిక్కర్ల ఫోటోలు, రసీదు దాచండి. వాపసు గడువులో ఉన్నారు కాబట్టి ముందు షాపులో తిరిగి ఇచ్చేయండి. కంపెనీకి రాతపూర్వకంగా రాయండి. టెక్సాస్‌లో డిసెప్టివ్ ట్రేడ్ ప్రాక్టీసెస్ చట్టం 1973 నుంచి ఉంది. దాని కింద కేసు వేయాలంటే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కాబట్టి ఆ ఉత్తరం పనికొస్తుంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కీ, రాష్ట్ర అటార్నీ జనరల్‌కీ ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఒక్క ఫిర్యాదుతో వాళ్లు కదలరు, వందలు చేరితే కదులుతారు.

డబ్బాలోని కాగితాల్లో ఆర్బిట్రేషన్ క్లాజు (తగాదా వస్తే కోర్టుకి కాకుండా ప్రైవేటు మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలనే షరతు) ఉందేమో కూడా చూడండి. 2011లో కన్సెప్సియన్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఆ క్లాజులకు బలం ఇచ్చాక చాలా క్లాస్ యాక్షన్లు మొదట్లోనే ఆగిపోతున్నాయి.

గ్యారేజీ_గోపాలం
కొత్తది కొనేటప్పుడు ఆంపియర్లు, సీఎఫ్ఎం (నిమిషానికి లాగే గాలి, ఘనపు అడుగుల్లో), నీటి ఎత్తు అంగుళాల్లో ఇచ్చే సక్షన్ (పీల్చే బలం), ఈ మూడు అంకెలు అడగండి. సీఎఫ్ఎం ఎక్కువుంటే రంపపు పొట్టు బాగా లాగుతుంది, నీటి ఎత్తు ఎక్కువుంటే బరువైన నీళ్లూ మేకులూ లేస్తాయి. సన్న పైపు, పొడుగు పైపు తగిలిస్తే సీఎఫ్ఎం పడిపోతుంది, కాబట్టి రెండున్నర అంగుళాల పైపు ఉన్నది తీసుకోండి.

ప్లేనో_ప్రసాద్
ఆర్బిట్రేషన్ మాటే లేదు మేడం, వారంటీ కార్డు అంతా చదివా. శనివారం షాపుకి వెళ్తున్నా. కంపెనీకి రాసే ఉత్తరం డ్రాఫ్టు ఇక్కడే పెడతా, ఇదే మోడల్ కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

హ్యూస్టన్_హేమ
మా ఇంట్లో ఉన్నది అదే అనుకుంటా. స్టిక్కరు ఫోటో తీసి పెడతాను.